బాపు సైకిల్‌కు పంక్చర్ వేయించిన రోజు

సొల్యూషన్ ట్యూబు మూత తీయగానే వచ్చే ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలి ఎన్నేళ్లయిందో. పోయిన నెల వరంగల్ కరీమాబాద్‌లో ఒక సందు చివర, రేకుల షెడ్డు ముందు నిలబడి ఉన్నాను. కొట్టు పెద్దాయన ట్యూబును ఆకురాయితో గీకి, వేలితో సొల్యూషన్ పూసి, ఉఫ్ ఉఫ్ అని ఊదుతున్నాడు. పక్కన ఎవరూ లేకపోతే ఇంకాస్త దగ్గరికి వంగి పీల్చేదాన్నేమో. యాభై దాటిన మనిషిని, చూసేవాళ్లు ఏమనుకుంటారోనని ఆగాను.

సంగతేమిటంటే, శివనగర్‌లో మా పాత ఇల్లు అమ్ముతున్నాం. సామాను తీయాలి రమ్మని తమ్ముడు ఫోన్ చేస్తే హైదరాబాద్ నుంచి వచ్చాను. బీరువా, మంచాలు, అమ్మ రోలు అన్నీ ఒక లెక్కకొచ్చాయి. వెనక రేకుల కింద బాపు సైకిల్, అంటే మా నాన్నది, మిగిలింది. పాత ఇనుప సామాన్లు కొనే అతన్ని తమ్ముడు అప్పటికే పిలిచి ఉన్నాడు. అతను హ్యాండిల్ పట్టుకుని ఒకసారి లేపి చూసి, "కిలో లెక్కనే తీస్కుంటనన్నా" అన్నాడు. సైకిల్‌ను తూకమేసి కొనడమేమిటని నాకెందుకో చుర్రుమంది. "ఇయ్యాల వద్దు, రేపు రా" అని పంపించేశాను. తమ్ముడు నా మొహం వంక చూసి ఏమీ అనలేదు.

రెండు చక్రాల్లోనూ గాలి లేదు. అట్లాగే నడిపించుకుంటూ బయటికి తెచ్చాను. మా వీధి మొదట్లో ఒకప్పుడు మూడు సైకిల్ షాపులుండేవి. ఇప్పుడున్న ఒక్క పంక్చర్ షాపూ బైకులదీ కార్లదీ. అక్కడి కుర్రాడు టైరులోకి దబ్బనంతో రబ్బరు దారం గుచ్చి, మిగిలింది కోసేసి, నిమిషంలో పని ముగిస్తున్నాడు. వాసనా లేదు, నీళ్ల తొట్టీ లేదు. నా సైకిల్ చూసి "ఇది మా దగ్గర కాదాంటీ" అన్నాడు. ఇద్దరు ముగ్గుర్ని అడిగితే ఈ పెద్దాయన దొరికాడు.

ఆయన రెండు ఇనుప పట్టీలతో టైరు అంచు లేపి, కోడి పేగు లాగినట్టు ట్యూబు మొత్తం బయటికి లాగాడు. గాలి కొట్టి తొట్టిలో ముంచి, జానెడు జానెడు జరుపుతూ చూశాడు. బుడగలు వచ్చిన చోట బొటనవేలు పెట్టి ఆపి, రెండో చేత్తో ట్యూబును తిప్పి నాకు చూపించాడు. పాత ప్యాచీలు మొత్తం ఏడు ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కినవి కూడా. "బాగ తిరిగిన బండమ్మా ఇది" అన్నాడు.

* * *

మా ఇంట్లో గోడ గడియారం ఉండేది కానీ దానికి కీ ఇచ్చే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. ఆజంజాహీ మిల్లు సైరనే మా టైము. 1934లో నిజాం పెట్టించి, పెద్ద కొడుకు ఆజం ఝా పేరు పెట్టిన మిల్లు అది. తాత అందులోనే చేశాడు, బాపు కూడా అందులోనే, స్పిన్నింగులో.

షిఫ్టు విడిచే సైరన్ మోగితే పిల్లలెవరూ రోడ్డెక్కొద్దని మా గల్లీలో కట్టడి. గేటు తెరవగానే సైకిళ్లు చెరువు మత్తడి దూకినట్టు వచ్చేవి. అవసరం ఉన్నా లేకున్నా బెల్లు కొట్టేవాళ్లు. హ్యాండిళ్లకు వేలాడే ఖాళీ టిఫిన్ గిన్నెల్లో చెంచాలు గలగలమనేవి. అందరి కనుబొమ్మల మీదా, మీసాల మీదా దూది నూగు. పాతికేళ్ల పిలగాళ్లు కూడా తల నెరిసినట్టే కనబడేవాళ్లు. ఇంటికొచ్చి మొహం కడుక్కుంటే మళ్లీ పడుచోళ్లయ్యేవాళ్లు.

అంత గుంపులో బాపు సైకిల్ ఏదో అమ్మకు చప్పుడును బట్టి తెలిసేది. అది అట్లాస్, ఒక దసరా బోనస్‌కు కొన్నాడు. దాని చైన్ కవర్ నట్టు కాస్త వదులు. కుడి పెడల్ కిందికి దిగినప్పుడల్లా కవర్ ఊగి టక్కుమనేది. రెండు టక్కుల మధ్య ఎంతసేపు పడుతున్నదో విని, బాపు అలసిపోయి వస్తున్నాడా హుషారుగా వస్తున్నాడా అన్నది కూడా చెప్పేది అమ్మ. చప్పుడు బడి మూల మీద తిరిగిందంటే పొయ్యి మీద పులుసు పెట్టేది. ఆ నట్టు బిగించుకోవచ్చు గదా అని ఎవరన్నా అంటే, "బిగిస్తే ఇంట్ల అన్నం సల్లగైతది" అనేవాడు బాపు. వినేవాళ్లకు అర్థమయ్యేది కాదు.

ఆ సైకిల్ కంపెనీ చివరి ఫ్యాక్టరీ, ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లోది, 2020 జూన్ 3న మూతపడింది. సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే. బాపు అప్పటికి మంచంలోనే ఉన్నాడు. ఆ వార్త చదివి వినిపిస్తే, "గదీ మూతపడ్డదా" అని మాత్రం అన్నాడు. "గదీ" అన్న మాటలో మొదటిది ఏదో మా ఇంట్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

* * *

సైకిల్ నేర్చుకోవడం గురించి మా వయసువాళ్లను ఎవర్నడిగినా కైంచీ దగ్గరే మొదలుపెడతారు. పెద్ద సైకిల్ సీటు అందదు కాబట్టి డండీ, అంటే సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య కడ్డీ, కింది నుంచి కుడికాలు అవతలికి దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకు వంచి, సగం సగం తొక్కుతూ పోవడం. కైంచీ అంటే కత్తెర, ఆ కాళ్లు చూస్తే పేరెందుకొచ్చిందో తెలుస్తుంది.

చిన్న సైకిళ్లు కిరాయికి దొరికేవి. అరగంటకు చారాణ. షాపు చాచా మన పేరూ, తీసుకున్న టైమూ ఒక నూనె మరకల నోటుబుక్కులో రాసుకునేవాడు. చేతికి గడియారాల్లేని పిల్లలు రెండు నిమిషాలకోసారి షాపు ముందు నుంచి "చాచా, టైమెంతయింది?" అని అరుస్తూ పోయేవాళ్లు. ఆయన చెప్పే టైము ఎప్పుడూ మా లెక్క కన్నా ఐదు నిమిషాలు ముందే ఉండేది. కానీ ఆడపిల్లలకు ఇవ్వకపోయేది. "నీ తమ్మున్ని పంపు బేటీ" అనేవాడు. తమ్ముడికి అప్పటికి ఆరేళ్లు.

అందుకని బాపు సైకిలే గతి. ఆయన రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకున్నప్పుడు, చప్పుడు కాకుండా స్టాండు తీసి బయటికి తెచ్చేదాన్ని. మూడో రోజే మోరీలో పడ్డాను. మోకాలు సంగతి పక్కన పెడితే, హ్యాండిల్ ఒక దిక్కు, ముందు చక్రం ఒక దిక్కు అయ్యాయి. ఎదురింటి పెద్దమ్మ గుమ్మంలో నుంచే, "ఆడపిల్లకు సైకిలేంది, రేపు లగ్గమెట్లయితది?" అని అందుకుంది. ఆ గోలకు బాపు లేచి వచ్చాడు. చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య ఇరికించి, హ్యాండిల్ పట్టి ఒక్క గుంజు గుంజి సరిచేశాడు. "లగ్గానికి సైకిల్ మీద పోతదా ఏంది పెద్దమ్మా, పోనియ్" అన్నాడు నిద్రమొహంతోనే.

మర్నాటి నుంచి తనే నేర్పించాడు. వెనక క్యారేజీ పట్టుకుని, పట్టుకున్నానని చెబుతూనే వదిలేయడం తండ్రులందరూ చేసే మోసమే. బాపుకు అదీ చేతకాలేదు. "ఇడుస్తున్న బిడ్డా" అని చెప్పి మరీ వదిలాడు. చెప్పాడు కాబట్టే పడ్డాను. నాలుగైదు రోజులు ఆయన చెప్పడం, నేను పడడం.

లంగా చైన్‌లో పడితే ఏమవుతుందో తెలియనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. నడిరోడ్డు మీద ఆగిపోయి, ఒక చేత్తో పెడల్ వెనక్కి తిప్పుతూ, ఇంకో చేత్తో అంగుళం అంగుళం బట్ట విడిపించుకోవాలి. ఆ నల్ల మరక కిరసనాయిలుకు కూడా పోయేది కాదు. మా ఇంట్లో నా లంగాలన్నిటికీ కుడి పక్క అదే జాగాలో ఆ మచ్చ ఉండేది.

* * *

ఇంటర్‌కు హన్మకొండ పోవాల్సి వచ్చినప్పుడు సెకండ్ హ్యాండ్ లేడీస్ సైకిల్ ఒకటి కొనిచ్చారు. శివనగర్ నుంచి అండర్ బ్రిడ్జి కింద దూరి స్టేషన్ రోడ్డు, వరంగల్ చౌరస్తా, పోచమ్మమైదాన్, ఎంజీఎం, అలంకార్, వేయిస్తంభాల గుడి. ఆరేడు కిలోమీటర్లు ఉంటుందేమో. కాజీపేట నుంచి వచ్చేవాళ్లు, రైల్వేవాళ్ల పిల్లలు, ఇంకా ఎక్కువే తొక్కేవాళ్లు.

ముగ్గురం కలిసేవాళ్లం. పక్కపక్కనే, రోడ్డుకు సగం ఆక్రమించి, కెమిస్ట్రీ లెక్చరర్ దగ్గర్నుంచి నిన్న రాత్రి ఇంట్లో వండిన కూర దాకా మాట్లాడుకుంటూ. వెనక లారీ హారన్ కొడితే మాట ఆపకుండానే ఒకరి వెనక ఒకరం అయిపోయి, అది పోగానే మళ్లీ ముగ్గురం ఒక వరుసకొచ్చేవాళ్లం. ఈ రోజుల్లో కారులో పక్క సీట్లో కూర్చున్న మనిషితో కూడా అంత మాట్లాడడం లేదు నేను, ఒకరు రోడ్డు చూడాలి, ఒకరు ఫోన్ చూడాలి.

రోడ్డు మీద అన్నీ ఆ వేగంలోనే ఉండేవి. రిక్షాలు, ఎడ్లబండ్లు, పక్క ఊళ్ల నుంచి క్యాన్లు కట్టుకుని వచ్చే పాలవాళ్లు, కల్లు లొట్లు కట్టుకుని పోయే గౌండ్లాయన. సాన పట్టే అతనైతే సైకిల్‌ను స్టాండు మీద ఎక్కించి, వెనక చక్రానికి బెల్టు వేసి, కూర్చున్నచోటే తొక్కుతూ కత్తులకు నిప్పురవ్వలు లేపేవాడు. సైకిల్ కదలకుండా అంత జోరుగా తొక్కడం చూసి మా తమ్ముడు చాలా రోజులు నవ్వుకున్నాడు. చౌరస్తాలో నిలబడే ట్రాఫిక్ పోలీసాయనకు మా ముఖాలు గుర్తు. ఎప్పుడన్నా ఇద్దరమే పోతే, "ఇంకో పిల్లేది ఇయ్యాల?" అని చేయి ఊపుతూనే అడిగేవాడు.

ఎండాకాలం మొదట్లో ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చేది. పోచమ్మమైదాన్ దాటేసరికి గాలిలోనే కారం. ముందు పోయే బండ్ల మీద బస్తాలు ఎర్రగా ఉబ్బి ఉండేవి, కుట్లలో నుంచి గింజలు రాలేవి. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు, రెండు చేతులూ హ్యాండిల్ మీదే. తుమ్ము వస్తే సైకిల్ మూరెడు పక్కకు పోయేది. ముగ్గురికీ ఒకేసారి వస్తే చూడాలి. మా వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిందని టీవీలో చెబుతుంటే అందరూ సంతోషపడ్డారు, నాకు మాత్రం ముక్కు దురద పెట్టింది.

వానాకాలం అండర్ బ్రిడ్జి దగ్గర పరీక్ష. కింద మోకాలి లోతు నీళ్లు, పైన రైలు. సైకిల్ దిగి, చెప్పులు క్యారేజీకి పెట్టుకుని, హ్యాండిల్ గట్టిగా పట్టుకుని నడవాలి. నీళ్ల కింద గుంత ఎక్కడుందో ముందు పోయేవాళ్లు వెనకవాళ్లకు అరిచి చెప్పేవాళ్లు, "ఎడమకు రా, ఎడమకు రా" అని. ముక్కూ ముఖం తెలియనివాళ్లే. ఆ గొంతులు విని దాటేవాళ్లం.

సినిమా హాళ్ల సైకిల్ స్టాండు గురించి ఒక్క మాట. చీటీని సగం చింపి, ఒక ముక్క బ్రేకు తీగకు గుచ్చి, ఇంకోటి చేతికిచ్చేవాళ్లు. ఆట విడిచాక ఎవరో తొందరపడి ఒకటి లాగితే చాలు, వరుస మొత్తం ఒకదాని మీద ఒకటి పడిపోయేది, ఆ చివరి దాకా. క్లైమాక్స్ అక్కడే ఉండేదనిపించేది.

* * *

మిల్లు ఒక్కరోజులో ఆగలేదు. ముందు ఒక షిఫ్టు తగ్గింది, తర్వాత ఇంకోటి. చివరికి సైరన్ మోగని పొద్దు వచ్చింది. ఆ పొద్దున అమ్మ చాలాసేపు పాలు కాచకుండా కూర్చుంది, టైము కాలేదేమోనని.

బాపు రెండు నెలలు ఇంట్లోనే ఉన్నాడు. సైకిల్ తుడవడం, మళ్లీ తుడవడం. ఒకరోజు కొత్తవాడకు పోయి నాలుగు జంపఖానాలు అరువుకు తెచ్చాడు. కొత్తవాడ నేతవాళ్ల షత్రంజీలు, జంపఖానాలు మా దగ్గర పెండ్లిళ్లకూ, పేరంటాలకూ పరవని ఇల్లుండదు. నూలు తయారుచేసిన చేతులతోనే నేసినవి అమ్ముతున్నానని ఒకసారి అన్నాడు, గొప్పగా కాదు, లెక్క చెబుతున్నట్టు.

వాటిని సైకిల్‌కు కట్టడం ఒక విద్య. జంపఖానా చుట్టితే మనిషి నడుమంత లావు. క్యారేజీ మీద అడ్డంగా రెండు, వాటి మీద నిలువుగా ఒకటి, చిన్నవి మడిచి డండీకి. తాడు జారిపోతుందని పాత ట్యూబును నిలువునా పట్టీలు కోసి, వాటితో గుంజి కట్టేవాడు. వెనక బరువుకు ముందు చక్రం గుర్రం లాగా లేచేది. అందుకని ఎక్కడానికి ముందు అమ్మను పిలిచేవాడు. ఆమె ముందు చక్రం మీద చేయి వేసి అదిమి పట్టేది, ఆయన కాలు తిప్పి ఎక్కేవాడు, ఆమె వదిలేది. తెల్లవారు జామున నాలుగింటికి, వీధి లైటు కింద, రోజూ ఇదే. ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకునేవాళ్లు కాదు.

గీసుగొండ, సంగెం, పర్వతగిరి, ఒక్కోసారి వర్ధన్నపేట దాకా. అది పోను పాతిక కిలోమీటర్లు దాటుతుంది. ఊళ్లలో చాలామంది అరువే. పత్తి అమ్మినంక ఇస్తమనేవాళ్లు, ఇచ్చేవాళ్లు కూడా. ఎవరిది ఎంతో ఒక చిన్న డైరీలో రాసుకునేవాడు. పేర్లు కాదు, గుర్తులు: "చింతచెట్టు ఇల్లు 60", "గుడ్డి బర్రె ఆయన 85". ఆ డైరీ ఇల్లు సర్దుతుంటే దొరికింది. చివరి పేజీల్లో కొన్ని కొట్టివేయకుండానే ఉన్నాయి. అదే గీసుగొండ, సంగెం దిక్కు ఇప్పుడు మెగా టెక్స్‌టైల్ పార్కు వచ్చింది. ఆ పక్క నుంచి కారులో పోయినప్పుడల్లా ఈ చెట్లలో ఆ చింతచెట్టు ఏదై ఉంటుందని చూస్తాను.

ఆ రోజుల్లో నాకు ఇష్టమైంది మాత్రం బతుకమ్మ పండుగ నెల. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఖాళీ అయిన క్యారేజీ మీద తంగేడు, గునుగు కట్టలు వేసుకొచ్చేవాడు. చీకట్లో టక్కు టక్కుమని చప్పుడు, దాని ముందు పచ్చి వాసన. లైటు వెలుతురులోకి రాగానే సైకిల్ కనబడేది కాదు, పసుపు పూల పొద ఒకటి నడిచి వస్తున్నట్టుండేది. గల్లీలో ఆడవాళ్లందరూ వాటాలకు దిగేవాళ్లు. లగ్గమెట్లయితదన్న పెద్దమ్మ అందరికన్నా ముందుండేది. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర పోగైన పూలల్లో సగం సైకిళ్ల మీద వచ్చినవే అయ్యుంటాయి. దసరా పొద్దున సైకిల్‌కు స్నానం. కొబ్బరినూనె గుడ్డతో పుల్ల పుల్లనూ తుడిచి, హ్యాండిల్‌కు బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు.

* * *

పెద్దాయన ప్యాచీ మీద చిన్న సుత్తితో కొట్టి, మళ్లీ నీళ్లలో ముంచి చూపించాడు. బుడగ లేదు. రెండో చక్రానికి పంక్చర్ లేదట, వాల్‌లోని రబ్బరు ఎండిపోయిందట. కొత్తది తొడిగాడు. చైన్‌కు నూనె వేశాడు. పెడల్ చేత్తో తిప్పి చూసి, చైన్ కవర్ టక్కుమనగానే పానా అందుకున్నాడు.

"అది వద్దు, ఉండనీయండి" అన్నాను.

"సప్పుడైతదమ్మా."

"కానీయండి."

పైసలు ఇస్తున్నంతసేపూ నన్ను ఒకలా చూశాడు.

అక్కడే, సందులో, ఎక్కి తొక్కాను. చీర కాదు కాబట్టి ఇబ్బంది లేదు. ఆ చివర దాకా పోయి తిరిగొచ్చాను. కుడి కాలు కిందికి పోయినప్పుడల్లా టక్కు. నా వేగం బాపుది కాదు, రెండు టక్కుల మధ్య చాలా ఎడం వస్తున్నది. అమ్మ వింటే బాగా అలసిపోయాడనుకునేది.

మెయిన్ రోడ్డుకొచ్చేసరికి దిగక తప్పలేదు. ఊళ్లను సైకిళ్లకు అనువుగా చేయాలని కేంద్రం వాళ్లు 2020లో పెట్టిన సైకిల్స్ ఫర్ చేంజ్ పోటీలో గెలిచిన 11 ఊళ్లలో మా వరంగల్ కూడా ఉంది. ఆ సంగతి మా మేనల్లుడు చెప్పాడు, వాడికి గేర్ల సైకిల్ ఉంది. హైదరాబాద్ వచ్చినప్పుడు దాన్ని కారు వెనక కట్టుకుని ఔటర్ రింగ్ రోడ్డు దాకా పోయి, అక్కడ సోలార్ పలకల నీడలో కట్టిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీద తొక్కి, మళ్లీ కారుకు కట్టుకుని వస్తాడు. నేను నవ్వితే, "రోడ్డు మీద తొక్కితే చస్తం అత్తా" అన్నాడు. వాడిదీ నిజమే. అండర్ బ్రిడ్జి వైపు చూస్తే ఆటోలు, కార్లు, వాటి సందుల్లో బైకులు. ఒక్క సైకిల్ కనబడింది, బడి పిల్లవాడిది, వాడు కూడా గోడకు ఆనుకుని నడిపించుకుంటూనే పోతున్నాడు.

నేనూ వాడి వెనకే నడిచాను, నీళ్లున్నప్పుడు నడిచినట్టు, హ్యాండిల్ గట్టిగా పట్టుకుని. సిగ్నల్ దగ్గర ఆగితే పక్కన స్కూటీ మీద ఒక అమ్మాయి, కాలేజీ పిల్లే, చెవుల్లో నుంచి ఇయర్‌ఫోన్ ఒకటి తీసి అడిగింది.

"పంక్చరా ఆంటీ?"

"లేదు బిడ్డా, ఇప్పుడే ఏపిచ్చిన."

"మరి తొక్కుతలేరేంది?"

జవాబు ఆలోచించేలోపే వెనక నుంచి హారన్లు మొదలయ్యాయి. ఆ పిల్ల నవ్వి వెళ్లిపోయింది.